సమ్మతం లేని మతం

మతం అన్న మాటకు అసలు అర్థం తలపు, అభిప్రాయం. శాస్త్ర గ్రంథాల్లో 'ఫలానా ఆచార్యుని మతం' అంటే ఇప్పటికీ అదే. అభిమతం, సమ్మతం దాని తోబుట్టువులు. ఆ లెక్కన సమ్మతం లేని మతం అన్నది మాటలోనే పొసగదు. రాజ్యాలు మాత్రం పొసగించాలని చూస్తూనే ఉంటాయి. అలాంటి ప్రయత్నం ఒకటి తూర్పు స్లొవాకియాలోని కార్పేతియన్ కొండపల్లెల్లో జరిగింది. అక్కడివాళ్ళు తమను రుసినులమని చెప్పుకునేవారు. ఉక్రెయిన్ పండితులు వాళ్ళను ఉక్రెయిన్ జాతిలో ఒక కొమ్మ అంటారు. వాళ్ళలో ఎక్కువమంది గ్రీక్ కాథలిక్కులు, అంటే ఆరాధన తూర్పు సంప్రదాయానిది, విధేయత రోముకు. 1950 ఏప్రిల్ 28న అక్కడి ప్రెషోవ్ పట్టణంలో చెకొస్లొవాకియా కమ్యూనిస్టు ప్రభుత్వం దగ్గరుండి ఒక సభ జరిపించి, రోముతో బంధం తెగిందని, ఇకపై అందరూ ఆర్థడాక్సులేనని తీర్మానం చేయించింది. 1946లో ఉక్రెయిన్‌లోని ల్వివ్‌లో సోవియట్లు నడిపించిన సభే దీనికి నమూనా. అక్కడి గ్రీక్ కాథలిక్ బిషప్ పావెల్ గోయ్డిచ్ ఒప్పుకోలేదు. యావజ్జీవ శిక్ష పడి, 1960లో లియోపొల్దోవ్ జైల్లో, సరిగ్గా తన పుట్టినరోజున చనిపోయాడు.

ఇంతకీ పోయిందేమిటని అడిగేవాళ్ళున్నారు. గుడి అదే, పాట అదే, పాత స్లావిక్ ప్రార్థనలూ అవే. మారిందల్లా ప్రార్థనలో పోపు పేరు వినిపించకపోవడం. పవిత్రాత్మ తండ్రి నుంచి మాత్రమే వెలువడుతుందా, కుమారుని నుంచి కూడానా అన్న రెండు చర్చిల పాత తగువు గురించి బంగాళాదుంపలు తవ్వుకునే రైతు ఏనాడూ నిద్ర మానుకుని ఉండడు. నిజమే. మరి అంత చిన్న తేడా కోసం ఒక ముసలి బిషప్పును చచ్చేదాకా జైల్లో ఉంచవలసిన అవసరం ఏమొచ్చింది? సిద్ధాంతంలో తేడా చిన్నదే కావచ్చు. 'మీరెవరు' అన్న ప్రశ్నకు జవాబు చెప్పే హక్కు ఎవరిదన్నది చిన్న విషయం కాదు, ఆ సంగతి ప్రభుత్వానికి బాగా తెలుసు.

ఇంతకంటే బరువైన ఆక్షేపణ ఇంకొకటుంది. 1646లో ఉజ్హొరొద్ కోటలో 63 మంది ఆర్థడాక్స్ అర్చకులు రోముతో కలిశారు; ఈ గ్రీక్ కాథలిక్ చర్చి పుట్టింది అలాగే. ఆ కోట కాథలిక్ ప్రభువులది. అప్పుడు మాత్రం రైతుల్ని ఎవరడిగారు? ఎవరూ అడగలేదు. పుట్టుక మచ్చలేనిదై ఉంటేనే విశ్వాసం చెల్లుతుందంటే ఈ లోకంలో ఏ మతమూ మిగలదు. సమ్మతం ఒకనాడు వేసే వేలిముద్ర కాదు; తరాల వాడుకలో ఊరేది. అది ఊరిందో లేదో తెలియాలంటే తలుపు తీసి చూడాలి. 1968లో, చెకొస్లొవాకియాలో ప్రాగ్ వసంతమనే సంస్కరణల వేళ, ఆ తలుపు కాస్త తెరుచుకుంది. గ్రీక్ కాథలిక్ చర్చిని తిరిగి అనుమతించి, ఎటుంటారో పారిష్‌లనే తేల్చుకోమన్నారు. రెండు వందలకు పైగా పారిష్‌లు పాత దారి పట్టాయి.

పేరు విషయంలోనూ ఇదే కథ. 1950ల మొదట్లో పార్టీ నిర్ణయంతో రుసినులందరూ కాగితాల మీద ఉక్రెయినియన్లయ్యారు, బడి భాష ఉక్రెయినియన్ అయింది. తల్లిదండ్రులు చాలామంది పిల్లల్ని స్లొవాక్ బడికి మార్చేశారు. ఉక్రెయినియన్లను తయారుచేయబోతే స్లొవాకులు తయారయ్యారు. భాషాశాస్త్రం ప్రకారం అది ఉక్రెయినియన్ మాండలికమే కదా అని వాదించవచ్చు. కానీ చుట్టరికం ఉన్నంత మాత్రాన ఇంటిపేరు మార్చుకోమనలేం. 1995లో స్లొవాకియాలో రుసిన్ భాషకు రాత ప్రమాణం ఏర్పడింది. 2011 జనాభా లెక్కల్లో 33,482 మంది రుసినులమన్నారు, 7,430 మంది ఉక్రెయినియన్లమన్నారు.

ఈ రెండో అంకెను బలవంతపు ముద్ర మిగుల్చిన మరకగా చూసేవాళ్ళుంటారు. నేను ఒప్పుకోను. అక్కడ ఉక్రెయినియన్ భావన 1950ల కంటే ముందే ఉంది. ఉక్రెయినియన్ బడిలో చదివి, ఆ భాషలోనే రాసుకుని, అడిగితే ఉక్రెయినియన్లమని చెప్పినవాళ్ళ మాటా వాళ్ళదే. 1968లో ఆర్థడాక్సులుగానే ఉంటామన్న ఊళ్ళ సంగతీ అంతే. 1990 తర్వాత గుళ్ళను గ్రీక్ కాథలిక్కులకు తిరిగి ఇచ్చేశాక, ఆ ఆర్థడాక్సుల్లో చాలామంది తాము నలభై ఏళ్ళు కొలిచిన గుడి వదిలి అదే ఊళ్ళో ఇంకొకటి కట్టుకున్నారు.