పందెమును, ఇంటి గడపయు

ధ్యాన భాగములు: 1 కొరింథీయులకు 9:24–27, 1 కొరింథీయులకు 7:5, ఫిలిప్పీయులకు 2:25–30



మన కె.కోటపాడు, చోడవరము ప్రాంతములలో చీకటి విడువక మునుపే పరుగు సాధన చేయు యువజనులను మనము చూచుచున్నాము. కొందరు పోలీసు ఉద్యోగమునకును, కొందరు సైన్యమునకును, మరికొందరు బరువులెత్తు పోటీలకును, దేహదారుఢ్య పోటీలకును సిద్ధపడుచున్నారు. వీరందరు పెండ్లికాని పిల్లలే కారు. భార్యాబిడ్డలు గలవారును, చంటిబిడ్డల తల్లులును వీరిలో నుందురు. కాబట్టి ఒక ప్రశ్న కలుగుచున్నది. ఇల్లు ఒకవైపునకును, దేహబలహీనత ఒకవైపునకును లాగుచుండగా, పోటీకి మనము ఎంత ఇయ్యవచ్చును? ఎచ్చట ఆగవలెను?

మొదట ఒక అపోహను తొలగించుకొందము. దేహసాధన లోకసంబంధమైనది గనుక విశ్వాసికి తగదని కొందరందురు. అపొస్తలుడైన పౌలు అట్లు తలంపలేదు. కొరింథు పట్టణమునకు సమీపమున ఇస్త్‌మియ క్రీడలు రెండేండ్లకొకసారి జరుగుచుండెను. ఆ ఊరివారికి పందెపు రంగము పరిచితమే గనుక పౌలు ఆత్మీయ జీవితమును బోధించుటకు దానినే ఉపమానముగా తీసికొనెను. తిమోతికి వ్రాయునప్పుడు దేహసాధనవలన కలుగు లాభము కొంచెమని చెప్పెను గాని లాభమే లేదనలేదు. కొంచెమును కొంచెముగానే యుంచుట జ్ఞానము. దానిని సున్న చేయుట ఒక తప్పు, సర్వస్వము చేయుట మరియొక తప్పు.

ఆ కాలపు సాధన సామాన్యమైనది కాదు. ఒలింపియాలో పోటీచేయువారు తాము ఎడతెగక 10 నెలలు నియమము తప్పక సాధన చేసితిమని దేవత యెదుట ప్రమాణము చేయవలసియుండెనని పౌసనియ అను గ్రీకు గ్రంథకర్త తెలుపుచున్నాడు. వివాహితలైన స్త్రీలు ఆ క్రీడలను చూడరాదనియు అతడే వ్రాసెను. పందెగాడు రంగములో నుండగా అతని భార్య దూరమున నుండెను. ఇంటికిని పందెమునకును నడుమ గోడ కట్టుట నాటి ఆచారము. నేడు ఆ గోడ లేదు. బిడ్డను నిద్రపుచ్చిన చేతులే తెల్లవారిన తరువాత బరువు నెత్తుచున్నవి. ఇది మంచిదే. అయితే రెండు భారములను ఒక్క దేహమే మోయవలసి వచ్చుచున్నది.

మన ఉత్తరాంధ్ర బిడ్డ కరణం మల్లీశ్వరి జీవితమును చూడుడి. శ్రీకాకుళము జిల్లా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన ఆమె 1994, 1995 సంవత్సరములలో ప్రపంచ విజేతగా నిలిచెను. 1997లో వివాహమాడెను. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల తరగతిలో మొత్తము 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకము పొందిన మొట్టమొదటి భారతీయ స్త్రీ యాయెను. 2001లో కుమారుని కనెను. 2002లో కామన్వెల్తు క్రీడలకు వెళ్లదలచియుండగా తండ్రి మరణించుటచేత విరమించుకొనెను. 2004లో ఏథెన్సు ఒలింపిక్సుకు వెళ్లెను గాని వెన్ను గాయము బాధించుటచే పోటీ పూర్తిచేయలేకపోయెను. అంతటితో పోటీలనుండి విరమించెను. వివాహము, పతకము, ప్రసవము, తండ్రి మరణము, గాయము అన్నియు ఏడు సంవత్సరములలోనే! మనము గోడమీద అంటించుకొను బొమ్మలో పతకము మాత్రమే కనబడును. తక్కినవి కనబడవు.

ఇట్టి జీవితమును నడుపుకొనుటకు వాక్యములో సూత్రమేదైనను కలదా? కలదని మా నమ్మకము. అది పందెమును గూర్చిన అధ్యాయములో గాక, దానికి రెండు అధ్యాయముల ముందు, దాంపత్యమును గూర్చిన మాటలలో నున్నది. 1 కొరింథీయులకు 7:5లో పౌలు చెప్పు భావమేమనగా, భార్యాభర్తలు ప్రార్థన నిమిత్తము ఒకరికొకరు ఎడబాటుగా నుండగోరినయెడల ఉభయుల సమ్మతితోనే, కొంతకాలమువరకే అట్లుండి మరల కలిసికొనవలెను. సోదరులారా, ఆలోచించుడి. ప్రార్థనకంటె పరిశుద్ధమైన కారణమేమున్నది? అట్టి ప్రార్థనకైనను రెండు కట్టుబాట్లున్నవి: ఒకటి సమ్మతి, రెండవది గడువు. అట్లయిన పతకము కొరకో, ఉద్యోగము కొరకో చేయు సాధనకు ఈ రెండును ఎంత యెక్కువగా కావలెను!

సమ్మతి యనగానేమి? సాధన చేయువాని లెక్కలో అతని చెమట మాత్రమే యుండును. ఇంటి లెక్క వేరు. అతడు నాలుగు గంటలకు లేచుటకు ఇల్లాలు మూడున్నరకే లేచును. అతనికి గ్రుడ్లు, పాలు, మాంసము కొనినందున బిడ్డల పళ్లెములో ఏదో ఒకటి తగ్గును. అతడు మైదానములో నుండగా ముసలితండ్రిని ఆసుపత్రికి తీసికొనిపోవువాడు తమ్ముడు. చెరకు నరుకు రోజులలో అతని వంతు పని మరియొకరి వీపుపై పడును. వీరు సణుగకుండుటను సమ్మతి యనుకొనరాదు. మన ఇండ్లలో స్త్రీలు ఎన్నో సంగతులలో మాటాడక భరించుదురు. కాబట్టి సాధన ఆరంభింపక మునుపే కూర్చుండి, ఇంత సొమ్మగును, ఇన్ని గంటలగును, ఈ పనులు నేను చేయలేను, మీకు ఇష్టమేనా అని అడుగవలెను. కాదను స్వాతంత్ర్యము వారికుండవలెను. భార్య పోటీకి పోవునప్పుడు భర్తయు, అత్తమామలును ఈ న్యాయమునే ఆమెకు చూపవలెను. మగవాని సాధన పట్టుదల యనిపించుకొని, ఆడుదాని సాధన ఇల్లు పట్టనితనమనిపించుకొనుట అన్యాయము.

గడువు ఏల? పందెమునకు తేదీ యుండును, ఇంటికి తేదీ యుండదు. తేదీ గల పని తేదీ లేని పనిని ఎల్లప్పుడు మింగుచుండును. ఫలాని దినమున పరుగు పరీక్ష యని కాగితము వచ్చును. ఫలాని దినమున నీ కుమార్తె నీతో మాటాడగోరునని ఏ కాగితమును రాదు. ఈ పోటీ కాగానే ఇంటిని చూచుకొందుననువాడు, అది కాగానే మరియొక పోటీకి పేరిచ్చును. అందుచేత ఇంటికిని మనమే తేదీ పెట్టవలెను. ఈ మాసాంతముతో ముగింతును, ఆదివారము మధ్యాహ్నము భోజనము అందరితో కలిసి చేయుదును, బిడ్డకు జ్వరము వచ్చిన దినమున మైదానమునకు పోను అని ముందుగానే నిర్ణయించుకొనుట మేలు. జ్వరము వచ్చిన తరువాత ఆలోచించువానికి మైదానమే ముందుగా కనబడును.

ఇక దేహపు సంగతి. పౌలు తన దేహమును లోపరచుకొనుచున్నానని చెప్పెను. ఈ మాటను పట్టుకొని నొప్పిని దాచుకొనుటయే భక్తియనుకొనువారున్నారు. దేహమును లోపరచుకొనుట వేరు, దేహమును మోసపుచ్చుట వేరు. సోమరితనమును అణచుట మొదటిది. వ్యాధి పలుకును వినకుండ చెవులు మూసికొనుట రెండవది. 2014లో గ్లాస్గో కామన్వెల్తు క్రీడలలో 53 కిలోల తరగతిలో మొదటి స్థానము పొందిన 16 ఏండ్ల నైజీరియా బాలిక, దేహములోని నీటిని వెళ్లగొట్టు మందులు వాడినట్లు పరీక్షలో బయటపడి పతకము పోగొట్టుకొనెను. అందువలన మన విజయనగరము జిల్లా కొండవెలగాడ బిడ్డ మత్స సంతోషికి కంచుకు బదులు వెండి పతకము లభించెను. ఆ చిన్నపిల్లను నిందింపక మునుపు, అంత లేతవయస్సులో ఆ మందులు ఆమెకెట్లు చేరెనో ఆలోచింపవలెను. తక్కువ తిని, నీరు మాని, మందు మ్రింగి తూకమును తగ్గించువాడు త్రాసును మోసగింపవచ్చును గాని గుండెను మోసగింపలేడు. చాలినంత తినక కఠిన సాధన చేయువారికి ఎముకలు బలహీనమగుననియు, స్త్రీలకు నెలసరి తప్పుననియు, రోగములను ఎదిరించు శక్తి తగ్గుననియు 2014లోనే అంతర్జాతీయ ఒలింపిక్ సంఘపు నిపుణులు హెచ్చరించిరి.

మన రాష్ట్రములో కానిస్టేబులు ఉద్యోగ పరీక్షయందు పురుషులు 1600 మీటర్లను 8 నిమిషములలో పరుగెత్తవలసియుండెను. 2025 జనవరిలో మచిలీపట్నములో ఆ పరుగునందే ఒక యువకుడు కుప్పకూలి ప్రాణము విడిచెను. ఎవరిని నిందించుటకును దీనిని చెప్పుటలేదు. ఉద్యోగము లేని ఇంటికి ఆ 8 నిమిషములు ఎంత విలువైనవో మేమెరుగుదుము. అందుచేతనే రొమ్మునొప్పి, కండ్లు తిరుగుట, ఆగని దగ్గు ఉన్నవారు దాచక ముందుగా వైద్యునికి చూపించుకొనవలెనని బ్రతిమాలుచున్నాము.

వ్యాధి వచ్చినవారెల్లరు సాధన మానవలెననుట కాదు. హైదరాబాదులో నివసించు కిరణ్ డెంబ్లా ఇద్దరు బిడ్డల తల్లి. మెదడులో రక్తము గడ్డకట్టుటచే చికిత్స పొంది, తరువాత వ్యాయామమువలన కోలుకొని, 2013లో బుడాపెస్టులో జరిగిన ప్రపంచ దేహదారుఢ్య పోటీలకు వెళ్లెను. ఒకరికి మందైనది మరియొకరికి హాని కావచ్చును. దానిని తేల్చవలసినది తోటివారి హేళన కాదు, గురువు గర్జన కాదు, వైద్యుని మాటయే. పౌలు వెంట లూకా అను వైద్యుడుండెను గదా! తిమోతి కడుపు బాధను పౌలు అల్పముగా ఎంచలేదు. త్రోఫిము రోగియై యుండగా అతనిని ప్రయాణములో ఈడ్చుకొనిపోక మిలేతులోనే విడిచెను.

కడపట ఎపఫ్రొదితును జ్ఞాపకము చేసికొందము. అతడు ఫిలిప్పీ సంఘము పంపిన సేవకుడు. పనిలో ప్రాణాపాయమగునంతగా రోగియాయెను. పౌలు అతనిని ఇంటికి పంపివేసెను. అంతేకాదు, అట్టివారిని సంతోషముతో చేర్చుకొని ఘనపరచుడని సంఘమునకు వ్రాసెను. పని సగములో విడిచి వచ్చితివేమని అడుగవద్దనియే దాని భావము. ఇది మన సంఘములకు మిక్కిలి అవసరమైన బోధ. పతకముతో వచ్చినవానికి దండ వేయుటకు అందరు వత్తురు. గాయముతో వచ్చినవానికి, తండ్రి మరణించినందున పోటీ మానుకొన్న కుమార్తెకు, బిడ్డ రోగము చూచి వెనుకకు వచ్చిన తల్లికి తలుపు తీయువారెవరు? వట్టిచేతులతో వచ్చినను ఇంటిలో తన చోటు తనకున్నదని ఎరిగినవాడే నొప్పిని దాచక చెప్పును, ఆగవలసిన చోట ఆగును. దాచిన నొప్పి వెనుక అనేక పర్యాయములు మన నోటి మాటలే యున్నవి.

కాబట్టి పందెములో నున్న సోదరులారా, సోదరీమణులారా, పరుగెత్తుడి. అయితే ఇంటివారి సమ్మతి పొందితిమా, గడువు పెట్టుకొంటిమా, నొప్పిని దాచుచున్నామా అను మూడు ప్రశ్నలను వారమునకొకసారి దేవుని సన్నిధిని వేసికొనుడి. ఇంటనున్న మనము వారితో, గెలిచినను గెలువకున్నను నీవు మావాడవే, మాదానవే అని పోటీకి ముందే చెప్పుదము. ఆ మాటను పోటీ ముగిసిన తరువాత చెప్పిన, ఓదార్పు కొరకు చెప్పిరని తోచును. ముందు చెప్పిన, అది వారికి బలమగును.