ఎవరూ చెయ్యని తప్పు

బ్యాంకు ఖాతా తెరవడానికి ఇప్పుడు బ్యాంకుకి వెళ్ళక్కర్లేదు. ఫోన్ ముఖానికి ఎదురుగా పట్టుకుంటే చాలు. మీరు ఫోటో కాదు, ప్రాణమున్న మనిషే అని తేల్చుకోడానికి తెర ఒక చిన్న పని చెప్తుంది: రెప్ప ఆర్పండి. ఇంతకంటే తేలికైన పరీక్ష ఏముంటుంది అనిపిస్తుంది. కానీ యాసిడ్ దాడిలో కనురెప్పలు కాలిపోయిన మనిషి రెప్ప ఆర్పలేదు. ఆమె బతికే ఉందని ఆ ప్రోగ్రాం ఒప్పుకోదు. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే.

ఇది ఊహించి రాస్తున్నది కాదు. అలా ఖాతా దొరకని ఒక బాధితురాలు, మరికొందరు కలిసి సుప్రీంకోర్టుకి వెళ్ళారు. చూపు లేని ఒక వ్యక్తి వేసిన పిటిషన్ని కూడా కలిపి విని, కోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పిచ్చింది. డిజిటల్ సేవలు అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనంది. మొత్తం 20 ఆదేశాలిచ్చింది. రెప్ప ఆర్పడం ఒక్కటే దారి కాకూడదన్నది అందులో ఒకటి.

హక్కు ఎవరిదో కోర్టు తేల్చింది. నన్ను వదలని ప్రశ్న వేరు: ఇందులో తప్పు చేసిందెవరు? నేనూ ఇదే వృత్తిలో ఉన్నాను కాబట్టి ఆ గదిలో ఏం జరిగుంటుందో ఊహించగలను. నిబంధన పెట్టినవాళ్ళు మోసాలు ఆపాలనుకున్నారు. డిజైనర్ అందరికీ సులువుగా ఉండే పరీక్ష వెతికింది. ప్రోగ్రామర్ చెప్పిన పని చెప్పినట్టు చేశాడు. టెస్టర్ తన రెప్ప ఆర్పి చూశాడు, పనిచేసింది. ఒక్కరి మనసులోనూ కల్మషం లేదు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం.

మనకి అలవాటైన నీతి ఇక్కడ తడబడుతుంది. పాపమంటే ఎవరో తలపెట్టి చేసేది అనుకుంటాం. తలపెట్టినవాడు లేకపోతే 'పొరపాటు' అని సర్దుకుంటాం. కానీ తెర మీద అన్యాయాలు చాలావరకు తలపెట్టి చేసినవి కావు. డార్క్ ప్యాటర్న్స్ అని ఈ మధ్య బాగా వినిపిస్తున్నవి వేరే సంగతి. 'రద్దు' బటన్ని దాచేవాడికి తను ఏం దాస్తున్నాడో తెలుసు. నేను మాట్లాడేది తెలియకుండా మూసేసిన తలుపుల గురించి.

నా దృష్టిలో కోడ్ రాయడమంటే సగం మనుషుల గురించి ఊహలు రాయడమే. పేరు రెండు ముక్కలుగా ఉంటుంది, రెండోది వంశం పేరు అన్నది ఒక ఊహ. ఇంటిపేరు ముందు పెట్టుకునే మనం ఆ గళ్ళ దగ్గర ఎన్నిసార్లు ఆగిపోయామో! బటన్ ఎత్తు ఇంగ్లీషు అక్షరానికి సరిపడితే చాలన్నది ఇంకో ఊహ. ఎత్తు బిగించేసి, దాటినదాన్ని కత్తిరించమని సీఎస్ఎస్‌లో రాస్తే 'వద్దు' కింద ఒత్తు తెగిపోతుంది. లైన్-హైట్ కొంచెం పెంచి, ఎత్తుని అక్షరాలకే వదిలేస్తే సరిపోయేది.

మంచి మనసుతో రాసిన కోడ్‌లో కూడా ఈ ఊహలుంటాయి. ఏ నుంచి జెడ్ దాకానే ఒప్పుకోవడం అన్యాయమని, ప్రపంచంలోని ఏ భాష అక్షరమైనా చెల్లుతుందని ఒకరు తనిఖీ రాశారనుకోండి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో దానికి ఒక గుర్తు ఉంది. చిక్కేమిటంటే యూనికోడ్ లెక్కలో ర, మ అక్షరాలు. గుడులు, దీర్ఘాలు, కొమ్ములు, పొల్లు అక్షరాలు కావు. వాటిది 'మార్క్' అనే వేరే తరగతి. దాంతో రమ లోపలికి వస్తుంది, సీత గుమ్మం బయటే ఉండిపోతుంది. మార్కుల్ని కూడా ఒప్పుకునే గుర్తు పక్కన చేరిస్తే సీతా వస్తుంది. కానీ చేర్చాలని తట్టాలంటే, రాసేవాళ్ళు కనీసం ఒక్కసారి సీత పేరు టైప్ చేసి చూసుండాలి.

దీనికి ఎదురుమాట ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యలేను. నలుగురున్న టీం, శుక్రవారం గడువు. లోకంలోని మనుషులందర్నీ ముందే ఊహించమంటే పని ముందుకు సాగదు. నిజమే. అయితే ఇందులో రెండు విషయాలు కలిసిపోయాయి. తెలుసుకోలేకపోవడం వేరు, తెలుసుకునే వీలున్నా చూడకపోవడం వేరు. వెబ్‌ని అందరికీ అందేలా చెయ్యడానికి డబ్ల్యుత్రీసీ మొదటి మార్గదర్శకాలు 1999లోనే వచ్చాయి. మామూలు సైజు అక్షరాలకీ వాటి వెనక రంగుకీ తేడా కనీసం 4.5:1 ఉండాలని ఇప్పటి ప్రమాణాలు అంకెతో సహా చెప్తున్నాయి. బ్రౌజర్‌లో ఉండే డెవలపర్ టూల్సే ఆ నిష్పత్తి చూపిస్తాయి. మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ కీతో ఫారం మొత్తం నింపి చూడటానికి అయిదు నిమిషాలు చాలు. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం. చూపు లేని ఇద్దరు ఆస్ట్రేలియా ప్రోగ్రామర్లు మొదలుపెట్టినది. వాళ్ళు అంత చేశాక, దాన్ని ఒకసారి ఆన్ చేసి మన పేజీ ఎలా వినిపిస్తుందో వినడానికి కూడా తీరిక లేదంటే అది గడువు సమస్య కాదు.

అయినా పనిముట్లకి ఒక హద్దుంది. రెప్ప ఆర్పమనే తెరని ఏ ఆటోమేటిక్ తనిఖీకి ఇచ్చినా, రంగులూ లేబుళ్ళూ బాగుంటే నూటికి నూరు మార్కులు వేసి పంపించవచ్చు. అక్కడ పనికొచ్చేది ఒక ప్రశ్న మాత్రమే: ఇది చెయ్యలేనివాళ్ళు వస్తే ఎటు వెళ్ళాలి?

వెనకటి కౌంటర్లని నేను మెచ్చుకోను. గుమస్తా విసుక్కునేవాడు, లంచం అడిగేవాడు, రేపు రమ్మనేవాడు. కానీ అతను ఎదుటి మనిషిని చూసేవాడు. "నాకు రెప్పలు లేవు" అని చెప్తే అర్థం చేసుకోగలిగేవాడు, లేకపోతే కనీసం అతనితో వాదించే వీలుండేది. తెరతో ఎవరు వాదిస్తారు? మన పని ఒక అధికారిని తీసేసి ఇంకో అధికారిని పెట్టడం. కొత్తవాడు లంచం తీసుకోడు, నిజమే, కానీ చెప్పుకుంటే వినడు కూడా. అందుకే మన బాధ్యత గుమస్తా బాధ్యతకంటే ఎక్కువ అంటాను. రాబోయే మనుషులందర్నీ ముందే ఊహించడం ఎవరి తరమూ కాదు. మన ఊహకి అందని మనిషి ఒకరు తప్పకుండా వస్తారని ఊహించడం మాత్రం కష్టమేమీ కాదు. ఆ ఒకరి కోసం పక్కన ఇంకో తలుపు పెట్టాలి: ఒక ఫోన్ నంబరు, మనిషి చూసి నిర్ణయించే దారి, 'ఇది నాకు కుదరదు' అని చెప్పే బటన్.

అది లేనప్పుడు ఏం జరుగుతుందో చూడండి. సీత తన పేరు రాస్తుంది. కింద ఎర్రటి అక్షరాలు వస్తాయి: దయచేసి సరైన పేరు ఇవ్వండి. ఎవరూ చెయ్యని తప్పు అని ఇందాక అన్నాను కదా, అది గాల్లో ఉండిపోదు. మర్యాదగా 'దయచేసి' తగిలించుకుని సీత నెత్తిన కూర్చుంటుంది. అమ్మ పెట్టిన పేరే తప్పంటుంది. 'ఈ పేరుని మా ఫారం తీసుకోలేకపోతోంది' అని రాయడానికి ఇంకో పదం ఎక్కువవుతుంది, అంతే. దానివల్ల ఫారం బాగుపడదు. కాకపోతే తప్పు ఎవరిదో తెర మీద ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది.