మూకీ తారకు దక్కని కథనదృష్టి: ‘సెల్యులాయిడ్’ చిత్రం – ప్రాతినిధ్య ప్రశ్న

మూకీ చిత్రాల్లో అధికభాగం నేడు అలభ్యం. అందువల్ల ఆ కాలపు కళాకారుల జీవితాలపై వచ్చే చిత్రాలే సామాన్య ప్రేక్షకునికి చరిత్రగా నిలుస్తున్నాయి. అటువంటి చిత్రంలో అణగారిన వర్గానికి చెందిన వ్యక్తికి పాత్ర కల్పించినంత మాత్రాన ప్రాతినిధ్యం సిద్ధిస్తుందా అన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న.

మలయాళంలో తొలి మూకీ చిత్రం జె.సి. డేనియల్ నిర్మించిన ‘విగతకుమారన్’. అందులో నాయర్ స్త్రీ పాత్రను ధరించిన పి.కె. రోజీ దళిత స్త్రీ. కాక్కరిశ్శి అనే జానపద నాటకంలో ఆరితేరిన నటి. తిరువనంతపురంలో చిత్రం ప్రదర్శితమైనప్పుడు అగ్రవర్ణ ప్రేక్షకులు ఆగ్రహించి తెరపై రాళ్లు రువ్వారు. రోజీ ప్రాణరక్షణకై ఊరు విడిచి తమిళ ప్రాంతానికి తరలిపోయారు.

ఈ హింసకు కారణం ఆమె నటించడం మాత్రమే కాదు. తెలంగాణ పల్లెల్లో చిందు భాగవతులు రాజులుగా, రాణులుగా, దేవతలుగా వేషం కడతారు. చిందు ఎల్లమ్మ వంటి స్త్రీలు ఆ కళలో కీర్తి గడించారు. అయితే తెల్లవారి వేషం విప్పగానే కులవ్యవస్థ యథాస్థానానికి చేరుతుంది. తెరమీది రూపానికి ఆ తెల్లవారడం లేదు. అది మళ్లీ మళ్లీ ప్రదర్శితమవుతుంది. రోజీ ధరించిన పాత్ర కులానికి అంత భయంకరంగా తోచడానికి ఇదొక కారణమని భావించవచ్చు.

కమల్ దర్శకత్వంలో 2013లో వచ్చిన ‘సెల్యులాయిడ్’ ఈ అన్యాయాన్ని లక్షలమందికి తెలియజేసింది. ఆ మేలు కాదనలేనిది. అయితే ఆ చిత్రానికి ఆధారాల్లో ఒకటైన వినూ అబ్రహాం నవల పేరే ‘నష్టనాయిక’. నవలలో నాయిక అయిన రోజీ, చిత్రంలో డేనియల్ జీవితకథలోని ఒక ఘట్టంగా మారారు. ఆమె ఊరు దాటాక కథనం డేనియల్ వెంటే నడుస్తుంది.

రోజీ తరువాతి జీవితానికి ఆధారాలు స్వల్పం గనుక ఊహించి చూపడం అనుచితమని ఒక ఆక్షేపణ రావచ్చు. కాని డేనియల్ ఏకాంతవేదన, గృహసంభాషణలు మాత్రం ఊహలు కావా? ఆధారం లేనిచోట ఒకరికి కల్పన తోడ్పడి, మరొకరికి మౌనమే మిగిలితే, ఆ ఎంపికను చరిత్రపై మోపలేము. అది కథకుని నైతిక నిర్ణయం.

తెలుగు సాహిత్యానికి ఈ భేదం పరిచితమే. ఉన్నవ ‘మాలపల్లి’ (1922)లో దళిత కుటుంబం కథాకేంద్రమైనా, కథనదృష్టి సంస్కర్తది. జాషువ ‘గబ్బిలం’ (1941)లో దళితుడే వక్త. సానుభూతికీ స్వీయస్వరానికీ గల ఈ దూరాన్ని దళిత సాహిత్య విమర్శ సవిస్తరంగా చర్చించింది. చలనచిత్ర చరిత్రలో మాత్రం మనం ఇంకా ‘పితామహుల’ కథలే చెప్పుకుంటున్నాం. ‘భీష్మప్రతిజ్ఞ’ (1921)తో తెలుగువారి చిత్రనిర్మాణానికి నాంది పలికిన రఘుపతి వెంకయ్య పేరిట పురస్కారం ఉంది. 2019లో ఆయన జీవితచిత్రమూ వచ్చింది. ఆ మూకీలో గంగ పాత్ర ధరించిన పెగ్గీ కాస్టెల్లో మాత్రం మన చరిత్రల్లో ఒక పేరుగానే మిగిలారు.

కనుక ప్రాతినిధ్యాన్ని పాత్రల సంఖ్యతో గాని, నటీనటుల ఎంపికతో గాని కొలిచి ఊరుకోరాదు. కథానాయకుడు లేనిచోట కూడా కథనం ఆ వ్యక్తితో ఉన్నదా అన్నదే గీటురాయి. రోజీ ఎక్కిన బండి వెంట చివరిదాకా వెళ్లే చిత్రం వచ్చినప్పుడే ఆ ఋణం తీరుతుంది.