కాన్పు గడియ ఎవరిది?

వాక్యభాగము: లూకా 1:39–57, రోమా 8:22–25



మన ప్రభువు అప్పగింపబడిన రాత్రి శిష్యులను ఓదార్చుచు, కాన్పు నొప్పులు పడు స్త్రీని వారికి ఉపమానముగా చూపించెను (యోహాను 16:21). ఆమె గడియ వచ్చినప్పటి వేదనను గూర్చియు, బిడ్డను చూచిన తరువాతి సంతోషమును గూర్చియు మనము అనేక ప్రసంగములు విన్నాము. అయితే ఆ గడియకు ముందున్న దినములను గూర్చి మన సంఘములలో మాటలాడువారు తక్కువ. నెలలు నిండినవి. కాళ్లు వాచినవి. రాత్రి ప్రక్కకు తిరిగి పండుకొనుటయే కష్టము. డాక్టరమ్మ చెప్పిన తేదీ దాటిపోయినది. కుళాయియొద్దకు వెళ్లినను, ఆరాధనకు వచ్చినను, “ఇంకా కాలేదా?” అని అడుగనివారు లేరు. ఆ దినములలో విశ్వాసముతో కనిపెట్టుట అనగా ఏమి?

ఈ ప్రశ్నకు మన పల్లెలలో రెండు జవాబులు వినబడుచున్నవి.

మొదటిది: “దేవుడు ఇచ్చెను, దేవుడే చూచుకొనును. మనము చేయవలసినదేమియు లేదు.” ఈ మాట భక్తిగా వినబడును. గాని ఈ మాట చెప్పిన ఇంటిలో అనేకమార్లు బండి సిద్ధముగా లేదు, చేతిలో డబ్బు లేదు, రాత్రివేళ తోడుండు మనిషి లేదు. కష్టము వచ్చినప్పుడు దానిని అనుభవించునది ఆ మాట చెప్పిన పెద్దమనిషి కాదు, మంచముమీదనున్న ఆడపిల్ల.

రెండవది: “మనమెందుకు కాచుకొనవలెను? దినము మనమే పెట్టించుకొందము.” కొన్ని ఇండ్లలో పంచాంగము చూచి, కొన్ని ఇండ్లలో క్రిస్మసు పండుగనాడే పుట్టవలెనని, కొన్ని ఇండ్లలో కొలువు చేయు అల్లునికి దొరికిన సెలవును బట్టి పెద్ద ఆపరేషనుకు దినము నిర్ణయించుచున్నారు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, దేశమంతటిలో నూరు కాన్పులకు 21 ఆపరేషనుతో జరుగగా, ఆంధ్రప్రదేశ్‌లో 42, తెలంగాణలో 60 ఆపరేషనుతోనే జరిగినవి.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పవలెను. ఆపరేషను పాపము కాదు. బిడ్డ అడ్డము తిరిగినప్పుడు, రక్తము పోవుచున్నప్పుడు, వైద్యుని కత్తి కూడ దేవుడిచ్చిన దయయే. దానివలన నేడు ఎందరో తల్లులు, ఎందరో బిడ్డలు బ్రదికి మన బల్లలమీద కూర్చుండియున్నారు. ఆపరేషను చేయించుకొనిన సహోదరికి విశ్వాసము తక్కువని ఎవరును అనకూడదు. నొప్పులకు భయపడిన పిల్లను చూచి నవ్వకూడదు. మన ప్రశ్న కత్తిని గూర్చి కాదు. అవసరమేమియు లేకయే, మన సౌకర్యమునకు గడియను మార్చుటను గూర్చి.

డాక్టరమ్మ చెప్పు తేదీ కడపటి బహిష్టు మొదటి దినమునుండి 280 దినములు లెక్కించి చెప్పు అంచనా మాత్రమే. సరిగా ఆ దినముననే పుట్టు బిడ్డలు నూటికి దాదాపు 5గురు. 37 వారములు నిండకమునుపు పుట్టిన బిడ్డను నెలలు నిండని బిడ్డ అందురు. ఆ తరువాతి వారములలో కూడ బిడ్డ మెదడును ఊపిరితిత్తులును ఎదుగుచునే యుండును. అందుచేత తగిన కారణము లేనిదే 39 వారములకు ముందు దినము పెట్టవద్దని వైద్యులే చెప్పుచున్నారు. మనకు ఊరక గడచిపోవుచున్నట్టు కనబడు ఆ దినములలో సృష్టికర్త చేయి పని మానలేదు.

ఈ రెండు జవాబులు ఒకదానికొకటి విరోధముగా కనబడును గాని, రెండింటిలో ఒకే లోపమున్నది. బిడ్డ మనయొద్దకు వచ్చుచున్న అతిథియని రెండును మరచినవి. ఇంటికి చుట్టము వచ్చుచున్నాడని కబురు వచ్చినయెడల మనమేమి చేయుదుము? వాకిలి మూసి నిద్రపోము. దారిలోనికి పరుగెత్తి వానిని చేయిపట్టి ఈడ్చుకొనియు రాము. ఇల్లు ఊడ్చి, నీళ్లు నింపి, దీపము పెట్టి కూర్చుందుము. వచ్చు గడియ వానిది, సిద్ధపాటు మనది.

లేఖనములో ఈ సిద్ధపాటును చూడుడి. ఎలీసబెతు వృద్ధాప్యమందు గర్భవతియై ఆరవ నెలలో ఉన్నదని విని, మరియ కొండసీమకు త్వరగా వెళ్లి, సుమారు మూడు నెలలు ఆమెయొద్ద ఉండెను. ఆ మూడు నెలలలో వారేమి పని చేసిరో లూకా వ్రాయలేదు. కలిసి ఉండిరని మాత్రము వ్రాసెను. నెలలు నిండుచున్న స్త్రీకి మొదట కావలసినది ఉపదేశము కాదు, తోడు. మరల బేత్లెహేములో మరియకే దినములు నిండినప్పుడు సత్రములో స్థలము దొరకలేదు. గాని బిడ్డను చుట్టుటకు పొత్తిగుడ్డలున్నవి. స్థలము వారి చేతిలో లేదు. గుడ్డలు సిద్ధపరచుకొనుట వారి చేతిలో నున్నది. విశ్వాసము ఈ రెండింటి భేదమును ఎరుగును.

మన తెలుగు సంఘముల చరిత్రలోను దీనికి సాక్ష్యమున్నది. డాక్టరు అన్నా కుగ్లరు 1883లో లూథరన్ మిషనరీగా గుంటూరుకు వచ్చెను. స్త్రీల ఆసుపత్రి 1898లో గాని తెరువబడలేదు. ఆ 15 సంవత్సరములు ఆమె చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. కట్టడము లేకపోయినను రోగులైన స్త్రీలకు వైద్యము చేయుచునే కనిపెట్టెను.

కాబట్టి మన ఇండ్లలో కనిపెట్టుట ఈలాగుండవలెను. ఏ ఆసుపత్రికి వెళ్లవలెనో ముందే తెలిసియుండవలెను. 108 నంబరు ఇంటిలో అందరికి తెలియవలెను. రక్తము అవసరమైతే ఇచ్చువారెవరో, పెద్దపిల్లలను చూచువారెవరో మాటలాడుకొనవలెను. రక్తము పోయినను, విడువని తలనొప్పి, జ్వరము, మూర్ఛ వచ్చినను, కన్నులు మసకబారినను, ఉమ్మనీరు పోయినను, బిడ్డ కదలిక తగ్గినను, తెల్లవారువరకు ఆగకూడదు. ప్రార్థనకూటము ముగియువరకును ఆగకూడదు. బండిలో కూడ ప్రార్థన చేయవచ్చును. 41 వారములు నిండినను నొప్పులు రానియెడల, మందులతో నొప్పులు తెప్పించుట మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. డాక్టరమ్మ ఆ మాట చెప్పినప్పుడు వినుట అవిశ్వాసము కాదు.

“ఇంత చేసిన తరువాత దేవునికి విడిచిపెట్టుటకు ఏమి మిగిలినది?” అని ఎవరైన అడుగవచ్చును. మిగిలినది చాల పెద్దది. వచ్చువారు ఎవరో మనము నిర్ణయింపలేము. ఆడపిల్లయో మగపిల్లవాడో, బలముగలదో బలహీనమైనదో మన చేతిలో లేదు. నెలలు నిండిన కోడలు వినుచుండగా, “ప్రభువా, మగబిడ్డను దయచేయుము” అని అత్తగారు ప్రార్థించినయెడల, అది కనిపెట్టుట కాదు, అంగడిలో బేరము చేయుటయే. ఆ ప్రార్థన విన్న పిల్ల, ఆడబిడ్డ పుట్టినప్పుడు ఎవరి ముఖము చూడగలదు? దేవుడు పంపిన అతిథిని, మనము కోరినవాడు కాడని వాకిట నిలువబెట్టుదుమా?

ఇంకొక కఠినమైన మాట కూడ ఉన్నది. కొందరు తల్లులు తొమ్మిది నెలలు కనిపెట్టి, వట్టి చేతులతో ఇంటికి వచ్చుచున్నారు. వారికి విశ్వాసము చాలలేదని చెప్పుటకు మనకు లేఖనములో అధికారము లేదు. సృష్టి అంతయు ప్రసవవేదనలో మూల్గుచున్నదని, మనతోకూడ ఆత్మయు మూల్గుచున్నాడని పౌలు రోమీయులకు వ్రాసెను. కనబడనిదానికొరకు ఓపికతో ఎదురుచూచుటయే నిరీక్షణ. అది ఫలితమును గూర్చిన హామీపత్రము కాదు, ఫలితమేదైనను మనలను విడువనివాని చేయి పట్టుకొనుట. అట్టి తల్లియొద్ద మనము చేయదగినది, మరియవలె వెళ్లి, ఊరక కూర్చుండుట.

ప్రియులారా, మన సంఘములో ఈ నెల నెలలు నిండిన సహోదరి ఎవరో విచారించుడి. ఆమెను “ఇంకా కాలేదా?” అని అడుగుట మానుడి. ఒకరు నీళ్లు మోయుడి, ఒకరు పెద్దపిల్లలకు అన్నము పెట్టుడి, ఒకరు రాత్రి ఆమెకు తోడు పండుకొనుడి. గడియను దేవునికి విడిచి, సిద్ధపాటును మన చేతులలోనికి తీసుకొందము. ప్రభువు అట్టి కృప మనకు దయచేయును గాక. ఆమేన్.