ప్రేమకు వచనము వలదా?

భార్యాభర్తలు తమ ప్రేమను నోట పలుకవలెనా? నడతయందు చూపిన చాలదా? మన కర్నూలు, కడప సీమల పెద్దలు పలువురు “మాటలెందుకు? సంసారభారము మోయుచున్నాము గదా” యందురు. అందు సత్యము లేకపోలేదు. వానను నమ్మరాని మెట్టనేల మనది. పంట పోయిన యేట ఆదోని, ఆలూరు ప్రాంతములనుండి దంపతులు మూటలు గట్టుకొని గుంటూరు మిరపకోతలకు వలసపోవుదురు. ఒకే చేనిలో ప్రక్కప్రక్కన వంగి పనిచేయు వారి ప్రేమను శంకించుటకు మనమెవరము?

అయినను ఒక్క సంగతి తలపోయవలెను. మన మతమునకు ఆధారము వచనము, వచనమనగా మాట. 12వ శతాబ్దమున శరణులు, శరణెలు తమ హృదయమును ఇంటిభాషలోనే వెల్లడించిరి. అక్కమహాదేవి చెన్నమల్లికార్జునునిపై తన వలపును దాచక పలికినది. ఆమె లింగైక్యమందినట్లు చెప్పబడు కదళీవనము మన శ్రీశైలముననే యున్నది. మాటను ఇంతగా గౌరవించిన మనకు ఇంటిలో మాత్రము మౌనమే ఆచారమనుట పొసగునా?

“లింగమే పతి, శరణుడే సతి, ప్రేమ లింగమునకే చెల్లును, మనుష్యునితో పలుకుట మోహము” అని కొందరాక్షేపింతురు. దీనికి ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులే సమాధానము. మారయ్య నేలరాలిన బియ్యమేరి తెచ్చి దాసోహము నడపెడివాడు. ఒకనాడు అవసరమునకు మించి తేగా, లక్కమ్మ మందలించి, మిగులు బియ్యమును మరల అచ్చటనే పోసి రమ్మన్నదని కథ. ఆమె వచనముల అంకితమో, “మారయ్యప్రియ అమరేశ్వరలింగ”. మన యిండ్లలో పెండ్లినాడు ఆడుబిడ్డలు గడపకడ్డము నిలిచి పేరు చెప్పించునపుడు తప్ప భర్త పేరు పలుకుట తప్పనుకొన్న కాలము మొన్నమొన్నటిది. లక్కమ్మ ఆ పేరును దైవనామముతో ముడివేసి పలికినది. మందలించినదీ ఆ నోరే, ప్రియమని పలికినదీ ఆ నోరే. కనుక ప్రేమవచనము ముఖస్తుతి కాదు, లింగభక్తికి అడ్డమును కాదు.

నుడియు నడతయు ఒకటి కావలెనని గదా బసవేశ్వరుని బోధ! కూలిడబ్బులు త్రాగివచ్చి “నీవే నా ప్రాణము” అనువాని నుడి బూటకము. అట్లని నుడిలేని నడత అన్నివేళల చాలునా? మన కడప ప్రాంతమునుండి ఎందరో కువైటుకు పోయి సంవత్సరములు గడుపుచున్నారు. అచ్చట పడు కష్టము ఇచ్చటి ఇల్లాలి కంటికి కానరాదు. ఇచ్చట ఆమె పడు కష్టము అతనికి కానరాదు. వారి నడుమ నున్నది ఫోనులోని గొంతు మాత్రమే. “డబ్బు అందినదా?” “అందినది” అనుటతో అది ముగిసినచో, ఆ డబ్బు వెనుకనున్న మనసు ఎవరికి తెలియును? అంత దూరమున నుడియే నడత యగును.

మనలో మృతదేహమును కూర్చుండబెట్టి, విభూతి పూసి సమాధి చేయుదురు. ఏండ్లతరబడి నోరు విప్పనివారు ఆ గుంతకడ నిలిచి “నీవు లేక నేనెట్లు బ్రతుకుదును?” అని విలపింతురు. ఆ మాట నిజమే. వినవలసిన చెవికి మాత్రము చేరదు. బ్రతికియుండగా చెప్పియున్నచో అది ఎంతటి దాసోహమై యుండెడిది!

ఇందుకు కవిత్వము అక్కరలేదు. సాయంకాలము లింగపూజ ముగిసిన పిమ్మట “నీవుండుటచేతనే ఈ ఇల్లు నిలిచినది” అని ఇంటిభాషలో ఒక్కమాట చాలును. మరునాటి నడత ఆ మాటకు సాక్ష్యము పలుకవలెను.

శరణు శరణార్థి.