పరిహారంతో ఋణం తీరుతుందా?

మా కొత్తవలసలో ఒకనాడు తరగతి ముగిసిన తరువాత ఒక విద్యార్థి నన్ను అడిగాడు: "మేష్టారూ, రోడ్డుకో రైలుకో ఇల్లు పోతే ప్రభుత్వం డబ్బు ఇస్తున్నది గదా. ఆ డబ్బు పుచ్చుకుని సంతకం పెట్టిన తరువాత కూడా అన్యాయం జరిగిందంటారు. ఇంక మిగిలిన అన్యాయం ఏమిటండి?"

ఈ ప్రశ్నలో వెటకారం లేదు. అతడు రోజూ రైలెక్కి చదువుకు వచ్చే కుర్రవాడు. రైలు లేకపోతే అతనికి చదువే లేదు. ఇటువంటివాని ప్రశ్నకు నినాదంతో జవాబు చెప్పడం మర్యాద కాదు. అన్యాయం అని కేకవేయడం తేలిక. అది ఎక్కడ వున్నదో వేలుపెట్టి చూపడం కష్టం. ఆ కష్టం తప్పించుకున్నందువల్లనే అభ్యుదయవాదులమైన మనల్ని చాలామంది అభివృద్ధి విరోధులుగా లెక్కగడుతున్నారు.

కాబట్టి ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలి. మనం రోడ్డుకు శత్రువులం కాము, రైలుకు అంతకన్న కాము. కొత్తవలస రైలును ఆసరాగా పట్టుకుని పెరిగిన వూరు. హౌరా-చెన్నై ప్రధాన మార్గం నుండి కిరండూల్ లైను చీలిపోయేది ఇక్కడే. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడానికి 1960 దశకంలో వేసిన లైను అది. ఖనిజం కోసం వేసిన పట్టాల మీదనే ఈనాడు అరకు సంతకు పోయే గిరిజనుడూ ప్రయాణం చేస్తున్నాడు. రవాణా సాధనం జనానికి మేలు చేస్తుందనడంలో సందేహం లేదు. సందేహమల్లా ఆ మేలుకు వెల ఎవరు చెల్లిస్తున్నారన్నదే. మేలు పొందేవారూ వెల చెల్లించేవారూ ఒకరే అయితే ఈ వ్యాసం అవసరం వుండదు.

నగర రవాణా నిర్మాణంలో తెలుగునాట అన్నిటికంటె పెద్ద ఉదాహరణ హైదరాబాదు మెట్రో రైలు. 2017 నవంబరులో దాని మొదటి భాగం ప్రారంభమయింది. 2020 ఫిబ్రవరి నాటికి ఒక మార్గం మహాత్మాగాంధీ బస్సు స్టేషను దాకా వచ్చి అక్కడ నిలిచిపోయింది. పాతబస్తీలోకి పోవలసిన ముక్క మిగిలింది. 2024 మార్చిలో ఆ ముక్కకు ఫలక్‌నుమా వద్ద శంకుస్థాపన చేశారు. చాంద్రాయణగుట్ట వరకు ఏడున్నర కిలోమీటర్లు. దారుల్‌షిఫా, శాలిబండ, అలియాబాద్‌ల మీదుగా పోయే ఆ ఇరుకు బజారులో సుమారు 1,100 ఆస్తులు పూర్తిగానో కొంతగానో పోతాయని అధికారులు లెక్కవేశారు. పరిహారం గజానికి 81,000 రూపాయలని నిర్ణయించి, 2025 జనవరిలో చెక్కుల పంపిణీ మొదలుపెట్టారు.

ఈ ధర తక్కువ అని నేను అనను. నా ప్రశ్న ధరను గూర్చి కాదు, కొలతను గూర్చి. గజం అనే కొలతతో మనం ఏమి కొలుస్తున్నాం?

అటువంటి బజారులో ఒక రెండంతస్తుల ఇల్లు ఊహించుకుందాం. ఇల్లు ఒకరిది. క్రింది గదిలో ఇరవై ఏళ్ళుగా అద్దెకున్న దర్జీ వున్నాడు. పైగదిలో అద్దెకున్న సంసారంలో ఆడవాళ్ళు చీరలకు జరీపని చేసి నాలుగు రాళ్ళు సంపాదిస్తారు. గుమ్మం పక్కన బల్ల వేసుకుని ఒకడు టీ అమ్ముతాడు. గోడ కూలినప్పుడు నలుగురి బ్రతుకులూ కూలుతాయి. కాని గజంబద్ద పట్టుకుని వచ్చిన సర్వేయరు కంటికి ఆనేది ఒకే ఒక మనిషి: కాగితం మీద పేరున్నవాడు. ఆయనకు ఏభై గజాలు పోతే నలభై లక్షల యాభై వేలు వస్తాయి. ఆయనకూ దుఃఖం వుండవచ్చు. తాతలనాటి ఇల్లు గదా. కాని ఆ డబ్బుతో మరొకచోట మరొక గోడ లేపుకునే శక్తి ఆయనకు వుంటుంది. దర్జీ పోగొట్టుకున్నది గోడ కాదు. ఆ వీధిలో తన పేరు తెలిసిన రెండువందల ఇళ్ళు, పండుగకు ముందు వచ్చే బేరం, గుడ్డ అప్పుగా ఇచ్చే దుకాణదారుని నమ్మకం. వీటిని ఏ గజంతో కొలుస్తారు?

చట్టానికి ఈ సంగతి అసలు తెలియదనడం సరికాదు. తెల్లదొరల 1894 చట్టం భూమి గలవానినే ప్రధానంగా గుర్తించింది. బలవంతంగా తీసుకుంటున్నందుకు ఊరడింపుగా ధర మీద నూటికి పదిహేను కలిపి ఇచ్చేవారు. 1984లో దానిని ముప్ఫై చేశారు. ఎన్నో ఉద్యమాల ఒత్తిడి మీద వచ్చిన 2013 చట్టం 2014 జనవరి 1 నుండి అమలులోకి వచ్చి, ఆ ఊరడింపును నూటికి నూరు చేసింది. అంతకన్న ముఖ్యం, బాధిత కుటుంబం అనే మాటకు అర్థం విస్తరించింది. భూమి లేకపోయినా మూడేళ్ళుగా అక్కడ పని చేసి బ్రతుకుతున్న కౌలుదారు, కూలీ, చేతిపనివాడు, పట్టణంలో మూడేళ్ళుగా నివసిస్తున్న కుటుంబం, అందరూ బాధితులేనని అది ఒప్పుకున్నది. మెట్రో, రైల్వే, జాతీయ రహదారుల చట్టాలను మొదట ఈ చట్టం పరిధికి వెలుపల వుంచినా, పరిహారం, పునరావాసం విషయాలలో 2015 నుండి వాటికీ దీనిని వర్తింపజేశారు. కనుక దర్జీ అడిగేది ధర్మం కాదు, హక్కు.

అయితే హక్కు అని ఒప్పుకున్నాక దానికి కట్టిన విలువ చూడండి. చిన్న వ్యాపారికీ చేతిపనివానికీ ఒక్కసారిగా ఇవ్వవలసిన సహాయం 25,000 రూపాయలకు తగ్గరాదని చట్టం అన్నది. కదిలిపోయిన కుటుంబానికి రవాణా ఖర్చు 50,000, పునరావాస భత్యం 50,000, ఏడాదిపాటు నెలకు 3,000 అని వ్రాసింది. ఆ పాతిక వేలను పాతబస్తీ ధరతో పోల్చితే గజంలో మూడోవంతు కూడా రాదు. మూడు చదరపు అడుగులకన్న తక్కువ. దర్జీ కుట్టుమిషను పెట్టుకోవడానికి కూడా అంతకన్న ఎక్కువ చోటు కావాలి. ఇవి కనీసాలు మాత్రమే, ఎక్కువ ఇవ్వవద్దని చట్టం అనలేదు. కాని మన పరిపాలనలో పేదవాని కనీసం గరిష్ఠంగా మారడానికి ఎంతసేపు పడుతుందో అందరమూ ఎరుగుదుము.

పట్టణాలలో రోడ్డు విస్తరణ వద్దకు వస్తే ఈ కనీసమూ జారిపోతుంది. ఆంధ్రప్రదేశ్ నగరాలలో స్థలం వదులుకున్నవారికి నగదు బదులు టి.డి.ఆర్. బాండు ఇచ్చే పద్ధతి వున్నది. ఆ బాండుతో మరొకచోట అదనపు అంతస్తు వేసుకోవచ్చు, లేదా బిల్డరుకు అమ్ముకోవచ్చు. మేడ మీద మేడ కట్టగలవానికి అది ధనం. అద్దెకున్నవాడు దానిని ఏమి చేసుకుంటాడు? అసలు అది అతని చేతికి రానేరాదు. స్థలం యజమాని ఒప్పుకుని ఇచ్చాడు గనుక ఇది నిర్బంధ సేకరణ కాదంటారు. యజమాని ఒప్పుకున్నాడు సరే. దర్జీని ఎవరు అడిగారు?

ఇక్కడ అసలు నైతిక ప్రశ్న వస్తుంది. ధర అనేది అమ్మదలచినవానికీ కొనదలచినవానికీ మధ్య పుట్టే మాట. అమ్మదలచనివాని చేతిలో పెట్టిన సొమ్మును ధర అనరాదు. అది నష్టానికి చిహ్నం మాత్రమే. సంఘం తన అవసరం కోసం ఒకనిని కదిలించినప్పుడు వారి మధ్య ఏర్పడేది కొనుగోలు సంబంధం కాదు, ఋణ సంబంధం. కొనుగోలు సంతకంతో ముగుస్తుంది. ఋణం ఆ మనిషి తిరిగి కాళ్ళ మీద నిలబడినప్పుడు ముగుస్తుంది. నా విద్యార్థి ప్రశ్నకు మొదటి జవాబు ఇదే. సంతకాన్ని మనం అంతం అనుకుంటున్నాం. ఆ కుటుంబానికి అది ఆరంభం.

రెండవ జవాబు స్థలం విలువను గూర్చి. వీధికి విలువ ఎవరు తెచ్చారు? రాతికీ మట్టికీ ఆ విలువ పుట్టుకతో లేదు. తరాల తరబడి అక్కడ కుట్టినవారు, వండినవారు, మోసినవారు, అమ్మినవారు దానిని బజారుగా చేశారు. వారి శ్రమ వల్లనే ఆ గజం 81,000 పలుకుతున్నది. మెట్రో వచ్చాక ఇంకా పెరుగుతుంది. ఆ పెరుగుదలలో విలువ తెచ్చినవానికి భాగం లేదు. సాధ్యం కాక కాదు. మెట్రో మొదటి దశ నిర్మించిన కంపెనీకి ఒప్పందంలో భాగంగా 269 ఎకరాలు వాడుకోనిచ్చారు. స్టేషన్ల పక్కన అంగళ్ళు, కార్యాలయాలు కట్టి ఆ విలువలో లాభం తీసుకోవచ్చునన్నారు. అయినా నష్టం వచ్చిందని కంపెనీ తప్పుకోబోతే, 2025 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం సుమారు 13,000 కోట్ల అప్పును నెత్తికెత్తుకుని, వాటాకు సుమారు 2,000 కోట్లు చెల్లించడానికి అంగీకరించింది. మెట్రో ప్రజల చేతికి రావడం మంచిదే. కాని ఒక సంగతి గమనించాలి. పెట్టుబడి నష్టపోతే దానిని నిలబెట్టే బాధ్యత సంఘానిదని ప్రభుత్వం ఒప్పుకున్నది. స్టేషను పక్కన స్థలం ఇవ్వవచ్చుననీ ఒప్పుకున్నది. ఈ రెండు సూత్రాలనూ దర్జీకి వర్తింపజేయమనడం అతివాదం ఎలా అవుతుంది?

ఇది మన దేశంలో కొత్తగా పుట్టిన వింత కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో రైళ్ళు లండను నగరంలోకి చొచ్చుకువచ్చినప్పుడు పేదల వాడల మీదుగానే వచ్చాయి. అక్కడ భూమి చవక. పరిహారం ఇంటివారికి పోయింది. వారంవారం అద్దె కట్టే కూలీలు పక్క సందులలోకి పోయి మరింత ఇరుకులో పడ్డారు. పనికి పోయివచ్చేందుకు వారికి చవక రైళ్ళు నడపాలని కంపెనీలను నిర్బంధించే చట్టం 1883లో గాని రాలేదు. పారిస్‌లో హౌస్‌మన్ విశాలమైన వీధులు వేసినప్పుడు జరిగిందీ ఇదే. 1872లో గృహ సమస్యను గూర్చి వ్రాస్తూ ఎంగెల్స్ దీని లోగుట్టు బయటపెట్టాడు. ధనిక వర్గం మురికివాడను రూపుమాపదు, మరొకచోటికి జరుపుతుంది, అంతే.

దీనికి వచ్చే ఆక్షేపణలు రెండు. ఒకటి, రోడ్డు పక్క బల్ల వేసినవాడు ఆక్రమణదారు గదా అని. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద నివసించేవారిని గూర్చి సుప్రీంకోర్టు, బ్రతుకుతెరువు హక్కు జీవించే హక్కులో భాగమే అన్నది. అదే తీర్పు తొలగించడాన్ని మాత్రం ఆపలేదు. కోర్టు సూత్రం ఇచ్చింది. అన్నం పెట్టే పని మనకు మిగిలింది. రెండవ ఆక్షేపణ, ఇంతమందికి ఇన్ని ఇస్తే ఖర్చు పెరిగి పథకమే ఆగిపోతుందని. ఈ మాట వినడానికి వివేకంగా వుంటుంది. నిజానికి ఆ ఖర్చు ఇప్పుడూ వున్నది. పథకం లెక్కలో వ్రాయక, దర్జీ లెక్కలో వ్రాస్తున్నారు. ఖర్చును దాచడం పొదుపు కాదు. ఇంకొక సంగతి. పాతబస్తీ మార్గంలో వందకు పైగా ప్రార్థనా స్థలాలు, చారిత్రక కట్టడాలు వున్నాయి. వాటిని కూల్చకుండా వంపులు, స్తంభాలు సర్దుతామని ఇంజనీర్లు ప్రకటించారు. చాలా మంచిపని. మనసుపెడితే గీత వంగుతుందని దీనివల్ల తెలుస్తున్నది.

మన జిల్లాకు వద్దాం. భోగాపురంలో విశాఖ నగర అవసరాల కోసం తలపెట్టిన విమానాశ్రయానికి 2015లో 15,000 ఎకరాలు కావాలన్నారు. ప్రజలు ఎదిరించాక అది 2,200 ఎకరాలకు దిగింది. మరడపాలెం, ముడసలపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట అనే నాలుగు ఊళ్ళు లేచిపోయి, గూడెపువలస, పోలిపల్లి వద్ద కట్టిన కాలనీలకు చేరాయి. ఊరికి ఊరు ఒక్కచోటికి పోవడం, ఇల్లు కట్టి చూపడం, చెల్లాచెదరు కావడం కన్న మేలే. కాని జీడితోటలో, కొబ్బరితోటలో కూలి చేసిన స్త్రీకి ఇల్లు దొరికినంత మాత్రాన తోట దొరకదు. పునరావాసం అంటే కప్పు మాత్రమే కాదు, పని కూడా.

2024 డిసెంబరులో విశాఖ మెట్రో మొదటి దశకు రాష్ట్ర ప్రభుత్వం ఆమోదం తెలిపింది. 46 కిలోమీటర్లు, 42 స్టేషన్లు. ఆ గీతల క్రింద ఎందరు దర్జీలు, ఎందరు టీ బల్లలవాళ్ళు వున్నారో లెక్క తీయాలి. ఆస్తుల జాబితాతో పాటు బ్రతుకుల జాబితా కూడా వ్రాయాలి. కూల్చడానికి ముందే కొత్త చోటు చూపాలి. ఆ చోటు పాత బేరానికి నడిచిపోగల దూరంలో వుండాలి. కొత్త స్టేషన్లలో అంగళ్ళు ముందు వారికి ఇవ్వాలి. ఆ జాబితా అధికారులే వ్రాస్తారని ఎదురుచూడనక్కరలేదు. కాలేజీ విద్యార్థులు వీధివీధికీ పోయి వ్రాయవచ్చు. రచయితలమని చెప్పుకునేవాళ్ళం వారి వెంట పోవచ్చు.

నన్ను ప్రశ్న అడిగిన కుర్రవాడు రేపు ఉద్యోగానికి ఆ మెట్రో ఎక్కుతాడు. నేనూ ఎక్కుతాను. టిక్కెట్టు కొన్నాం గనుక ఎవరికీ బాకీ లేమని మనం అనుకోవచ్చు. టిక్కెట్టు సొమ్ము బండి నడిపినందుకు మాత్రమే. దారి ఇచ్చినవాని బాకీ అందులో లేదు. అతడు తిరిగి మిషను ముందు కూర్చున్ననాడు గాని అది తీరదు.