తినేదాన్ని గౌరవించడం

కొన్నేళ్ల క్రితం ఉపాధ్యాయుల శిక్షణ తరగతిలో తిండి గురించి మాట వచ్చింది. "మీవాళ్లు ఈత మొదట్లో పురుగులు కూడా తింటారట కదా మాస్టారూ?" అని ఒకరు అడిగారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బొడ్డెంగులు తిని పెరిగినవాణ్ణి, "అదంతా పాతకాలం మాట" అనేశాను. ఆ అబద్ధం ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

తర్వాత ఆస్ట్రేలియా ఆదివాసుల గురించి చదివాను. ఆ దేశం నడిమధ్య ఎడారి నేలలో మన తుమ్మకు చుట్టమైన ఒక పొద ఉంది. దాని వేళ్లలో ఒక పెద్ద చిమ్మట తాలూకు పిల్లపురుగు బతుకుతుంది. దాన్ని విచెటీ అంటారు. అది వేరును తొలిచి, అందులోనే తిని పెరుగుతుంది. రెక్కలు వచ్చాక ఆ చిమ్మట ఏమీ తినదు. బతుకంతటికీ కావలసిన తిండి వేరు దగ్గరే తినేయాలి. అందుకే ఆ పురుగుకు అంత కొవ్వు. ఆడవాళ్లు, పిల్లలు పొద మొదట్లో నేల చూసి, వేరు తవ్వి దాన్ని తీస్తారు. పచ్చిగానో, వేడి బూడిదలో కాల్చుకునో తింటారు.

అక్కడి అరెర్న్‌టే జనంలో కొందరికి ఆ పురుగే గోత్రం. మనలో కిల్లో వాళ్లకు పులి, పాంగి వాళ్లకు గద్ద ఉన్నట్టే. స్పెన్సర్, గిల్లెన్ 1899లో అచ్చువేసిన పుస్తకంలో ఒక సంగతి ఉంది. ఆ గోత్రం వాళ్లు ఆ పురుగు వృద్ధి కావాలని కొలుపు చేస్తారు. తాము మాత్రం కొంచెమే తిని, మిగతాది ఇతర గోత్రాల వాళ్లకు వదులుతారు.

ఇక్కడే ప్రశ్న వస్తుంది. చుట్టమనుకున్నదాన్ని తినవచ్చా? "గౌరవిస్తే ముట్టకూడదు" అంటారు ఒకరు. "పురుగే కదా, దొరికినంతా తిను" అంటారు మరొకరు. రెండూ సులువైన జవాబులే. ముట్టనివాడికి అది ఉన్నా లేకపోయినా ఒకటే కావచ్చు. దొరికినంతా తినేవాడికి రేపటి సంగతి పట్టదు. అరెర్న్‌టే పెద్దల దారి కష్టమైనది. తినాలి, కొంచెమే తినాలి, పక్కవాడికి దొరికేలా చూడాలి. వాళ్ల లెక్కలో గౌరవమంటే మన చేతికి మనం పెట్టుకున్న హద్దు.

ఈ తెలివి మనకూ ఉంది. మామిడి పండుగ చేయకుండా కాయ కొరకం. గడ్డ తవ్వితే తలముక్కను మళ్లీ మట్టిలో పెట్టమని మా పెద్దలు చెప్పేవారు. ఈత మొదలు తవ్వితే మాత్రం ఆ మొక్కే పోతుంది. అయినా సంతలో ధర పలికితే కనిపించిన మొదలల్లా తవ్వేస్తున్నాం. గోత్రమేమో బడి హాజరుపట్టీలో ఇంటిపేరుగా మిగిలింది.

రేపు మళ్లీ ఎవరైనా అడిగితే, "తింటాం. ఎంత తినాలో కూడా మాకు తెలుసు" అని చెప్పాలని ఉంది. ఆ రెండో మాట నిజం కానంతకాలం మొదటి మాటకు బలం ఉండదు.